నిర్మాణ సందేహాలు: బూడిద కాంక్రీటు బలం ఏళ్ళ తరబడి నిలుస్తుందా?

థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే ఫ్లై యాష్‌ను (సన్న బూడిదను) కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణాలతో కలిపి, సిమెంటు వాడకుండా చేసేది జియోపాలిమర్ కాంక్రీటు. దీని మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: మొదట్లో వచ్చిన బలం తర్వాత కూడా ఉంటుందా, పెరుగుతుందా, తగ్గుతుందా అని. ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మాది పాల్వంచలో పేవర్ బ్లాకుల యూనిట్. జియోపాలిమర్ బ్లాకులు పోసి 60 డిగ్రీల గదిలో ఒక రోజు పెడుతున్నాం. మూడో రోజు పరీక్ష క్యూబు (ఘనాకారపు దిమ్మె) బలం 44 మెగాపాస్కల్ వచ్చింది. 28వ రోజు పరీక్షిస్తే 45 దగ్గరే ఆగింది. సిమెంటు కాంక్రీటైతే ఈలోగా బాగా పెరిగేది కదా. మా సరుకులో లోపం ఉందంటారా?

లోపం లేదండీ. మీరు చూసింది ఈ కాంక్రీటు సహజ గుణమే. బూడిదలో గాజు రూపంలో ఉన్న సిలికా, అల్యూమినాలను క్షారం కరిగిస్తుంది. అవి మళ్ళీ సోడియంతో కలిసి గట్టి జెల్‌గా అల్లుకుంటాయి. ఈ చర్యకు వేడి కావాలి. 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే దానిలో చాలా భాగం ఆ ఒక్క రోజులోనే పూర్తవుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో కర్టిన్ విశ్వవిద్యాలయంలో హార్డ్‌జిటో, రంగన్, వల్లా 2005, 2006లలో వెలువరించిన నివేదికల్లోనూ ఇదే తేలింది. వేడిలో క్యూరింగ్ చేసిన (గట్టిపడనిచ్చిన) కాంక్రీటు బలం వయసుతో పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు.

దీని వల్ల మీరు ఒక అలవాటు మార్చుకోవాలి. సిమెంటు పనిలో మూడో రోజు బలం తక్కువొస్తే ‘28కి అందుకుంటుందిలే’ అనుకుంటాం. ఇక్కడ అలా అనుకోవడానికి వీల్లేదు. వేడి గది నుంచి బయటికొచ్చాక బలం చాలకపోతే ఆ బ్యాచ్ ఎప్పటికీ చాలదనే లెక్క. అందుచేత మూడో రోజు ఫలితం మీదే సరుకు పంపాలా వద్దా అని నిర్ణయించుకోండి.

ఇంకా బలం కావాలంటే గది వేడి పెంచకండి. 60 దాటాక, 24 గంటలు దాటాక లాభం చాలా తక్కువ, ఖర్చు మాత్రం పెరుగుతుంది. పోసిన వెంటనే గదిలోకి తోయకుండా ఒక రోజు బయట ఆగనివ్వండి. కర్టిన్ ప్రయోగాల్లో ఈ విరామం వల్లే బలం పెరిగింది. గదిలో ఉన్నంతసేపూ అచ్చుల మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఉండాలి. లేకపోతే పైపొర తడి ఆరిపోయి చర్య మధ్యలో ఆగుతుంది, ఆ పొర పొడిగా రాలుతుంది. వేడి ఆపగానే తలుపు తీయకండి, కనీసం ఆరు గంటలు లోపలే చల్లారనివ్వండి.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఎం.టెక్. చదువుతున్నాను. వేడి గది లేకుండా, మామూలు వాతావరణంలో బూడిద జియోపాలిమర్ బలం ఏడాది పాటు ఎలా మారుతుందో కొలవాలి. డిసెంబరులో పోసిన మొదటి క్యూబులు 28 రోజులకు 17 మెగాపాస్కలే ఇచ్చాయి. వాటిని నీటి తొట్టిలో పెట్టాను. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి.

రెండు విషయాలు కలిసి వచ్చాయమ్మా. చలికాలంలో బూడిదలోని గాజు మెల్లగా కరుగుతుంది. అదే మిశ్రమాన్ని మీ ఊళ్ళో మే నెలలో పోస్తే 28 రోజుల అంకె వేరుగా ఉంటుంది. అందుకే మామూలు వాతావరణంలో చేసే పనికి ‘28 రోజుల బలం’ అని ఒక్క మాట రాస్తే చాలదు, ఆ 28 రోజులూ ఎంత వేడిలో గడిచాయో కూడా రాయాలి. రోజూ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు నమోదు చేయండి. ఇలాంటి కాంక్రీటు 28 తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. మీ 17 అక్కడే ఆగిపోదు.

రెండోది నీటి తొట్టి. సిమెంటు నీటిని తనలో కలుపుకుని గట్టిపడుతుంది కనుక తొట్టి కావాలి. జియోపాలిమర్‌లో నీరు క్షారాన్ని మోసే మాధ్యమం మాత్రమే, చర్య ముగిశాక చాలావరకు బయటికే వస్తుంది. ఇంకా చర్య ముగియని క్యూబును నీటిలో ముంచితే సోడియం తొట్టిలోకి జారిపోతుంది, ఆ మేరకు చర్య నీరసిస్తుంది. పోసిన వెంటనే అచ్చుతో సహా పాలిథీన్‌లో చుట్టండి. గోరుతో గీస్తే గీత పడనంత గట్టిపడ్డాకే అచ్చు విప్పండి, చలికాలంలో దీనికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. తర్వాత మళ్ళీ చుట్టి నీడలో పెట్టండి.

ఏడాది ప్రణాళికకు 3, 7, 28, 56, 90, 180, 365 రోజులకు మూడేసి చొప్పున 21 క్యూబులు కావాలి. మూడు అదనంగా పోయండి. 150 మిల్లీమీటర్ల క్యూబులు 24 అంటే 0.081 ఘనపు మీటర్లు, వృథా కలిపి 0.093 అనుకోండి. ఘనపు మీటరుకు 408 కిలోల బూడిద వేస్తే 38 కిలోలు సరిపోతుంది. ఇదంతా ఒకే రోజు తెచ్చిన ఒకే లాటు బూడిద కావడం చాలా ముఖ్యం. ఏడాది పరీక్షల్లో మధ్యలో బూడిద మారితే వచ్చిన గీత వయసుదో బూడిదదో తేల్చుకోలేం. పరీక్షలో భారం వేసే వేగం భారత ప్రమాణం ఐఎస్ 516 ప్రకారం నిమిషానికి 14 మెగాపాస్కల్, అంటే 150 క్యూబుకు సెకనుకు దాదాపు 5.2 కిలోన్యూటన్లు. మూడింటి సగటుకు ఏ ఒక్కటీ 15 శాతం మించి తేడా ఉండకూడదు. ఇంకో జాగ్రత్త: అన్ని వయసుల క్యూబులనూ ఒకే తడి స్థితిలో పరీక్షించండి. ఎండిన క్యూబు తడి క్యూబు కంటే ఎక్కువ అంకె చూపుతుంది. 28వ రోజుది తడిగా, 365వ రోజుది ఎండినట్టు పరీక్షించి ‘బలం పెరిగింది’ అని రాసిన వ్యాసాలు నమ్మదగినవి కావు.

వీలైతే కుంచించుకుపోవడం కొలిచే దిమ్మెలు కూడా పోయండి. కర్టిన్ కొలతల్లో వేడిలో క్యూరింగ్ చేసినవి ఏడాదికి మీటరుకు సుమారు 0.1 మిల్లీమీటరు కుంచించుకుపోతే, మామూలు వాతావరణంలో ఉంచినవి దాదాపు 1.5 మిల్లీమీటర్లు కుంచించుకుపోయాయి. నా దృష్టిలో వేడి గది లేని జియోపాలిమర్‌కు అసలు ఇబ్బంది ఇదే. చిన్న పేవర్ బ్లాకుకు అది పట్టించుకోనక్కర లేదు గానీ, పొడవైన నేల పలకకు మాత్రం పగుళ్ళు తప్పవు.

ప్రశ్న: వేడి గది కట్టే స్తోమత లేదు. విశాఖ ఉక్కు స్లాగ్ (ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం) పొడి కొంత కలిపితే చాలంటున్నారు. కానీ స్లాగ్ కలిపింది తర్వాత బలం కోల్పోతుందని ఎక్కడో చదివాను. ఏది నిజం? (అనకాపల్లి)

రెండూ నిజమే, మోతాదు తేడా. స్లాగ్‌లోని కాల్షియం మామూలు వేడిలోనే త్వరగా గట్టిపడుతుంది. బూడిదలో 10 నుంచి 20 శాతాన్ని తీసి ఆ బరువుకు స్లాగ్ వేస్తే మరుసటి రోజే అచ్చు విప్పవచ్చు. మీరు చదివింది పూర్తిగా స్లాగ్‌తో చేసిన కాంక్రీటు సంగతి అయి ఉంటుంది. మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 540 రోజులు పోల్చి చూశారు. మొదటి 90 రోజులు స్లాగ్‌దే పైచేయి. ఆ తర్వాత దానిలో సన్నని పగుళ్ళు, ఖాళీలు పెరిగి బలం తగ్గింది. బూడిదది మాత్రం లోపల చిక్కబడుతూ పెరిగింది. కాబట్టి స్లాగ్‌ను పట్టు త్వరగా రావడానికి వాడండి, బూడిదకు బదులుగా కాదు. 30 శాతం వైపు వెళ్ళేకొద్దీ మిశ్రమం మిక్సర్లోనే బిగిసే ప్రమాదం ఉంది, ఎండాకాలం మరీను.

ప్రశ్న: ఏడాదిగా అదే మిశ్రమం. గత నెల సోడియం సిలికేట్ వేరే డీలరు దగ్గర తెచ్చాం. అప్పటి నుంచి క్యూబులు రెండు రోజులకు కూడా మెత్తగానే ఉంటున్నాయి. బూడిద మారలేదు. (గుంటూరు)

డీలరు మీకు న్యూట్రల్ గ్రేడ్ ఇచ్చి ఉంటాడు. ఇతర పనులకు అమ్మే ఆ సిలికేట్‌లో సిలికాకు, సోడియం ఆక్సైడ్‌కు నిష్పత్తి 3.2 దగ్గర ఉంటుంది. జియోపాలిమర్ లెక్కలు చాలావరకు నిష్పత్తి 2 ఉన్న ఆల్కలైన్ గ్రేడ్ మీద వేసినవి. ఈ తేడా ఎంతో లెక్కేసి చూపిస్తాను.

ఘనపు మీటరుకు బూడిద 408 కిలోలు, సిలికేట్ 103, 8 మోలార్ కాస్టిక్ ద్రావణం 41 కిలోలు తీసుకుందాం. ఆల్కలైన్ గ్రేడ్‌లో సోడియం ఆక్సైడ్ 14.7 శాతం, సిలికా 29.4 శాతం ఉంటే సిలికేట్ నుంచి 15.1 కిలోలు, కాస్టిక్ నుంచి 8.3 కిలోలు, మొత్తం 23.4 కిలోల సోడియం ఆక్సైడ్ వస్తుంది. న్యూట్రల్ గ్రేడ్‌లో అది 9 శాతమే అనుకుంటే మొత్తం 17.6కు పడిపోతుంది. దాదాపు పావు వంతు క్షారం తక్కువ. బూడిద కరగకపోవడానికి ఇది చాలు.

సరిచేయాలంటే 5.8 కిలోల సోడియం ఆక్సైడ్ కావాలి, అంటే కాస్టిక్ సోడా మరో 7.5 కిలోలు. న్యూట్రల్ గ్రేడ్‌లో నీళ్ళు ఎక్కువ కాబట్టి ద్రావణంలో నీటిని ఆరు కిలోలు తగ్గించండి. లెక్క కట్టి చూస్తే పాత 8 మోలార్ ద్రావణం 41 కిలోల బదులు దాదాపు 16 మోలార్ ద్రావణం 42 కిలోలు వేసినట్టవుతుంది. ఇకపై ప్రతి డ్రమ్ముకూ పరీక్ష పత్రం అడిగి, ఈ రెండు శాతాలూ చూసుకున్నాకే దించుకోండి.

ద్రావణం కలిపేటప్పుడు చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. 8 మోలార్ అంటే 320 గ్రాముల కాస్టిక్‌ను లీటరు నీళ్ళలో వేయడం కాదు, వేశాక మొత్తం ద్రావణం లీటరు కావాలి. తూకంలో చెప్పాలంటే కిలో ద్రావణంలో 262 గ్రాముల కాస్టిక్ ఉండాలి. 14 మోలార్‌కు 404 గ్రాములు. తూకం పద్ధతే యూనిట్లకు మేలు. నీళ్ళలోకే కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేయండి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకండి. విపరీతంగా వేడెక్కుతుంది కనుక ముందు రోజే కలిపి చల్లారనివ్వాలి. అల్యూమినియం పాత్రలు అస్సలు వద్దు, హైడ్రోజన్ వెలువడుతుంది. కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు లేకుండా కూలీలను ఆ పనికి దించకండి. కంట్లో పడితే చూపే పోతుంది.

ప్రశ్న: మిశ్రమం చాలా బిగుతుగా ఉంటోందని మేస్త్రి మిక్సర్లో బకెట్ నీళ్ళు పోస్తున్నాడు. ఎంత నష్టం?

పైన చెప్పిన మిశ్రమంలో నీళ్ళు మొత్తం 88 కిలోలు. బూడిద, కాస్టిక్, సిలికేట్‌ల ఘన పదార్థం 464 కిలోలు. నిష్పత్తి 0.19. రంగన్ ఇచ్చిన పట్టిక ప్రకారం వేడిలో క్యూరింగ్ చేస్తే దీనికి దాదాపు 45 మెగాపాస్కల్ వస్తుంది. ఘనపు మీటరుకు 10 లీటర్లు అదనంగా పోస్తే నిష్పత్తి 0.21, బలం 37 దగ్గర. 20 లీటర్లైతే 0.23 దాటి 32కి దిగుతుంది. ఆ నీరు ఎక్కడికీ ఖర్చు కాదు. ఆరిపోయి లోపల రంధ్రాలు మిగులుస్తుంది. ఎన్నేళ్ళు గడిచినా అవి పూడవు. బిగుతు తగ్గాలంటే సూపర్ ప్లాస్టిసైజర్‌ను (నీళ్ళు పెంచకుండా మిశ్రమాన్ని పలచబరిచే మందును) బూడిద బరువులో 1.5 శాతం దాకా వాడండి. తడి మిశ్రమాన్ని కనీసం నాలుగు నిమిషాలు తిప్పండి. జిగురుగా ఉన్నా వైబ్రేటర్ పెడితే కదులుతుంది, చూపుకు కనబడినంత మొండిది కాదు.

ప్రశ్న: చెరువు బూడిద ఉచితంగా దొరుకుతోంది. అది పనికొస్తుందా? (ముద్దనూరు)

దీర్ఘకాలం నిలిచే బలం కావాలంటే వద్దు. చెరువులో సన్న బూడిదతో పాటు అడుగు బూడిద కూడా కలుస్తుంది, ముతకగా ఉంటుంది. అందులో ఉండే తడి మీ నీటి లెక్కను రోజుకొక రకంగా మారుస్తుంది. ఈఎస్‌పీ (పొగలోని బూడిదను విద్యుత్తుతో పట్టే యంత్రం) హాపర్ల నుంచి, అంటే దాని కింది గరాటు తొట్ల నుంచి పొడిగా వచ్చేదే అడగండి. వాటిలోనూ పొగగొట్టం వైపు ఉన్న హాపర్లది సన్నగా ఉంటుంది. ఐఎస్ 3812 మొదటి భాగం ప్రకారం 45 మైక్రాన్ల జల్లెడ మీద 34 శాతానికి మించి మిగలకూడదు, కాల్చితే తగ్గే బరువు 5 శాతం దాటకూడదు. ఆ బరువు చాలావరకు కాలని బొగ్గే, అది ద్రావణాన్ని పీల్చుకుంటుంది. సిలికా శాతం బాగుందని చూసి మురిసిపోకండి. క్వార్ట్‌జ్, ములైట్ స్ఫటికాలుగా ఉన్న భాగం ఈ క్షారానికి దాదాపు కరగదు. గాజు రూపంలో ఎంతుందన్నదే లెక్క.

ప్రశ్న: వానాకాలం తర్వాత బ్లాకుల మీద తెల్లటి పొడి లేచింది. బలం పోయినట్టేనా?

చర్యలో కలవకుండా మిగిలిన సోడియం తడితో పాటు పైకొచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సోడియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది. పొడి వచ్చినంత మాత్రాన బలం పోయినట్టు కాదు. కానీ ఏళ్ళ తరబడి తడుస్తూ ఆరుతూ ఉండే చోట సోడియం కారిపోతూ ఉంటే లోపల సందులు పెరుగుతాయి. ఎంత నష్టమో తేల్చుకోవడానికి ఒకే బ్యాచ్‌వి ఆరు బ్లాకులు తీసి, మూడింటిని పొడిగా, మూడింటిని రెండు సెంటీమీటర్ల నీటిలో నిలబెట్టి నాలుగు వారాలు ఉంచండి. తర్వాత ఆరింటినీ ఒకేలా ఆరబెట్టి నొక్కి చూడండి. తడిసినవి స్పష్టంగా తగ్గితే కాస్టిక్ మోతాదు ఎక్కువైందని గానీ, వేడి చాలలేదని గానీ అర్థం.

ప్రశ్న: ఇన్నేళ్ళు నిలిచిన కట్టడాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. కీవ్‌లో విక్టర్ గ్లుకోవ్‌స్కీ 1950లలో మొదలుపెట్టిన క్షార కాంక్రీటుతో అప్పటి సోవియట్ యూనియన్‌లో ఇళ్ళు కట్టారు. అయితే అది స్లాగ్ ఆధారితం. ‘జియోపాలిమర్’ అని పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ డేవిడోవిట్స్ పని 1970లలోది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం భవనంలో 2013లో 33 ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చిన) నేల దూలాలు పెట్టారు. 2014లో టువూంబా దగ్గర వెల్‌క్యాంప్ విమానాశ్రయంలో దాదాపు 40,000 ఘనపు మీటర్లు పోశారు. ఈ రెండింటిలోనూ స్లాగ్, బూడిద కలిపి వాడారు. ఇవి చూపించి ‘బూడిద ఒక్కటే చాలు’ అని అమ్మేవారి మాట వినకండి.

ప్రశ్న: ఇంటి స్లాబుకు వాడవచ్చా?

ఇప్పుడు వద్దండీ. క్యూబు బలం ఉన్నంత మాత్రాన స్లాబుకు సరిపోదు. సిమెంటు కాంక్రీటులో ఉండే సున్నపు నిల్వ దీనిలో లేదు. గాలి లోపలికి చొరబడి క్షారతను తగ్గిస్తే ఇనుమును కాపాడే పొర పోతుంది. దాన్ని కనిపెట్టడానికి చల్లే ఫినాల్ఫ్‌తలీన్ (క్షారం ఉంటే గులాబీ రంగుకు మారే ద్రావణం) కూడా ఇక్కడ మోసం చేయగలదు. పీహెచ్ 10 దగ్గర ఉన్నా గులాబీ రంగే వస్తుంది, ఇనుముకు మాత్రం అది చాలదు. ఒకే బలం ఉన్న సిమెంటు కాంక్రీటుతో పోలిస్తే స్థితిస్థాపక గుణకం (వంగకుండా నిలిచే బిగువు) తక్కువ, కనుక స్లాబు ఎక్కువ వంగుతుంది. మన ఐఎస్ 456 సూత్రాలు సిమెంటు కాంక్రీటు కోసం రాసినవి. క్షార కాంక్రీటు మీద 2020లో వచ్చిన ఐఎస్ 17452 ప్రీకాస్ట్ వస్తువులకు సంబంధించినది. పేవర్లు, కెర్బు రాళ్ళు, ఘన ఇటుకలు నిశ్చింతగా చేయండి.

ప్రశ్న: రసాయన పరిశ్రమల కాలువ పలకలకు ఆమ్లాన్ని తట్టుకుంటుందని చెబుతున్నారు. ఎంతవరకు? (పటాన్‌చెరు)

సల్ఫేటు నీటికి చాలా మంచిది, ఉబ్బి పగిలే కాల్షియం పదార్థాలు దానిలో దాదాపు లేవు. సల్ఫ్యూరిక్ ఆమ్లం సంగతి వేరు. కర్టిన్‌లో 2 శాతం ఆమ్లంలో ఏడాది ఉంచిన నమూనాలు బరువులో 3 శాతం దాకానే కోల్పోయాయి, కానీ బలం అంతకంటే ఎన్నో రెట్లు తగ్గింది. అంచులు చెక్కుచెదరలేదు కదా అని లోపలి బలం అలాగే ఉందనుకోవద్దు. రీబౌండ్ సుత్తికి (పగలగొట్టకుండా, కొట్టి వెనక్కి ఎగిరే దూరంతో బలం అంచనా వేసే సాధనానికి) సిమెంటు కాంక్రీటు కోసం ఇచ్చిన చార్టు దీనికి చెల్లదు. మీ సొంత మిశ్రమం క్యూబులతో వేరే చార్టు తయారుచేసుకోవాలి. పలకలు బిగించేటప్పుడే అదే బ్యాచ్ క్యూబులు పన్నెండు ఆ కాలువలోనే వేలాడదీసి, ఆరు నెలలకోసారి మూడేసి తీసి కడిగి, ఆరబెట్టి, యంత్రంలో నొక్కించండి. తొలి బలంలో పావు వంతు తగ్గగానే పలకలు మార్చే పని మొదలుపెట్టండి.